అపహాస్యం, సహనం: క్రైస్తవ లేఖనాల్లో ఓర్పుకు అర్థవిచారం

తెలుగు క్రైస్తవ సాహిత్యంలో క్రీస్తుకు తరచుగా చేరే విశేషణాల్లో ‘సహనమూర్తి’ ఒకటి. ముళ్ళకిరీటాన్ని, ఉమ్మిని, చెంపదెబ్బలను, ఎగతాళి మాటలను నోరు మెదపకుండా భరించినవాడుగా ఆయనను చిత్రించడం కవులకూ ప్రసంగకర్తలకూ అలవాటైన మార్గం. లేఖనాల్లో దీనికి ఆధారం లేకపోలేదు. యెషయా గ్రంథం 53వ అధ్యాయంలోని సేవకుడు వధకు తేబడిన గొర్రెపిల్లవలె మౌనంగా ఉంటాడు. మార్కు సువార్తలో యేసు ప్రధానయాజకుని ఎదుట ఒకసారి, పిలాతు ఎదుట మరొకసారి మౌనం వహిస్తాడు. అయితే ఈ రెండు మూడు చోట్లను ఆధారం చేసుకొని, అవమానాన్ని సహించడమంటే మౌనంగా ఉండిపోవడమే అని సూత్రీకరించినప్పుడు లేఖనాల్లోని చాలా భాగాన్ని పక్కన పెట్టవలసి వస్తుంది. యోబును, యిర్మీయాను, కీర్తనకారులను, యోహాను సువార్తలోని యేసును, అపొస్తలుల కార్యములలోని పౌలును వదిలివేయవలసి వస్తుంది.

ఇది కేవలం వ్యాఖ్యాన సమస్య కాదు. ఓర్పును ఎవరు ఎవరికి బోధిస్తున్నారన్నదాన్ని బట్టి దాని అర్థం మారిపోతుంది. దెబ్బ తిన్నవాడు తనకు తాను చెప్పుకొనే ఓర్పు వేరు, దెబ్బ కొట్టినవాడు, లేదా కొట్టినవాడి పక్షాన నిలిచినవాడు బోధించే ఓర్పు వేరు. తెలుగునేల మీద క్రైస్తవాన్ని స్వీకరించినవారిలో అధికసంఖ్యాకులు కులం పేరిట తరతరాలుగా ఎగతాళిని అనుభవించినవారు కనుక ఈ తేడా మనకు మరింత అవసరం. లేఖనాల్లో అపహాస్యాన్ని సహించడమంటే, అపహసించేవాడు ప్రకటించిన తీర్పును ఒప్పుకోకుండా నిలిచి ఉండడం అని ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్నాను. ఆ నిలకడ కొన్నిచోట్ల మౌనంగా, కొన్నిచోట్ల ఎదురుప్రశ్నగా, మరికొన్నిచోట్ల సాక్షాత్తు దేవుని మీదనే ఫిర్యాదుగా కనిపిస్తుంది.

మాటల వెనుక మాటలు

కొత్త నిబంధనలో ఎగతాళికి ఎక్కువగా వాడిన గ్రీకు క్రియ ‘ఎంపైజో’. దీనిలో ఉన్న ‘పైజో’కు ఆడుకొను అని అర్థం, ‘పైస్’ అంటే పిల్లవాడు. ఒక మనిషిని ఆటవస్తువుగా చేసుకోవడం ఈ క్రియలోని మూలభావం. ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలులో దీనికి ‘అపహసించు’, ‘అపహాస్యము చేయు’ అన్న రూపాలు కనిపిస్తాయి. ఇవి గంభీరమైన మాటలే గాని, వీటిలో నవ్వు మిగిలి ఆట పోయింది. మన వాడుకలోని ‘ఆటపట్టించు’ గ్రీకు క్రియకు చాలా దగ్గరిది. అయితే ఇప్పుడది చనువుతో చేసే వేళాకోళానికి పరిమితమైపోయింది కాబట్టి అనువాదకులు దాన్ని తీసుకోకపోవడం సహజమే.

లూకా సువార్త 23వ అధ్యాయంలో అధికారుల ఎగతాళికి వాడిన క్రియ ‘ఎక్ముక్తెరీజో’. ‘ముక్తేర్’ అంటే ముక్కుపుటం. ‘ముక్కు విరవడం’ అన్న తెలుగు జాతీయానికీ దీనికీ ఉన్న పోలిక ఆశ్చర్యం కలిగిస్తుంది. తిరస్కారం మొదట ముఖకవళికలో పుడుతుందనీ, మాట ఆ తరువాత వస్తుందనీ రెండు భాషలూ వేర్వేరుగా గుర్తించాయి.

మూడవది ‘ఒనెయిదిస్మోస్’. తెలుగులో దీనికి ‘నింద’ అన్న మాట స్థిరపడింది. ఇక్కడ అనువాదం మూలానికి ఒక అదనపు బలాన్ని ఇచ్చిందనే చెప్పాలి. మనకు నింద అంటే తిట్టు మాత్రమే కాదు. మోపబడిన అభియోగం కూడా. నిందను మోస్తాం, నింద బాపుకొంటాం. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో పాళెము వెలుపలికి వెళ్ళి ఆయన నిందను మోయమన్న పిలుపును తెలుగు పాఠకుడు చదివినప్పుడు, ఇంకా తేలని వ్యాజ్యం ఒకటి అతని మనసులో మెదలడానికి అవకాశం ఉంది.

మార్కు కథనంలో ఎగతాళి

శ్రమల కథనంలో శారీరక హింసకు మార్కు ఇచ్చిన స్థలం చాలా తక్కువ. కొరడా దెబ్బల ప్రస్తావన ఒక్క అసమాపక క్రియలో ముగుస్తుంది. సిలువ వేయడం అన్న ఘట్టం 15వ అధ్యాయం 24వ వచనంలో మూడు గ్రీకు పదాల్లో పూర్తవుతుంది. సైనికుల ఎగతాళికి మాత్రం అదే అధ్యాయంలో 16 నుండి 20 వరకు అయిదు వచనాలున్నాయి. సిలువ దగ్గరి ఎగతాళికి మరో నాలుగు. అంతకుముందు 10వ అధ్యాయంలో యేసు తనకు జరగబోయేదాన్ని వరుసగా చెప్పిన సందర్భంలో కూడా అన్యుల చేతుల్లో మొదట జరిగేది అపహాస్యమే. ఉమ్మి, కొరడా, మరణం ఆ తరువాతివి. రక్తాన్ని వర్ణించి కన్నీరు రప్పించే తరువాతి కాలపు భక్తిరచనల ధోరణి ఈ సువార్తలో లేదు. కథకుని దృష్టి గాయం మీదకన్నా మాట మీద ఎక్కువగా ఉన్నది.

మార్కులో ఎగతాళి ఘట్టాలు మూడు. మొదటిది మహాసభలో. అక్కడ కొందరు యేసు ముఖానికి ముసుగు వేసి, గుద్ది, ప్రవచించమని హేళన చేస్తారు. రెండవది అధికారమందిరంలో. అక్కడ సైనికులు పటాలాన్నంతా పోగుచేసి, ఊదారంగు వస్త్రం తొడిగి, ముళ్ళతో అల్లిన కిరీటం పెట్టి, యూదుల రాజుగా సంబోధిస్తూ వందనం చేసి, మోకాళ్ళూని నమస్కరిస్తారు. మూడవది సిలువ దగ్గర. దారిన పోయేవారు తలలూపుతూ, ప్రధానయాజకులు శాస్త్రులతో కలిసి తమలో తాము, పక్కన సిలువ వేయబడినవారు కూడా ఆయనను నిందిస్తారు.

రెండవ ఘట్టం ఒక చిన్న నాటకం. వేషం ఉన్నది, పాత్ర ఉన్నది, ప్రేక్షకులున్నారు. ఇటువంటి నాటకం ఆ కాలంలో అపూర్వమేమీ కాదు. అలెగ్జాండ్రియాకు చెందిన యూదు తత్త్వవేత్త ఫైలో, ఫ్లాక్కస్‌ను గురించి రాసిన గ్రంథంలో, ఆ నగరంలో క్రీ.శ. 38లో జరిగిన ఒక సంఘటనను నమోదు చేశాడు. యూదుల రాజైన అగ్రిప్ప ఆ నగరానికి వచ్చినప్పుడు, అతన్ని వెక్కిరించడానికి అక్కడి జనం కరబాస్ అనే మతిస్థిమితం లేని వ్యక్తిని వ్యాయామశాలకు తీసుకుపోయి ఎత్తుగా నిలబెట్టారు. పపైరస్ రేకును కిరీటంగా పెట్టారు, చాపను రాజవస్త్రంగా కప్పారు, దారిలో దొరికిన పపైరస్ కాడను రాజదండంగా చేతికిచ్చారు. యువకులు భుజాలమీద కర్రలు పెట్టుకొని అంగరక్షకులుగా నిలిచారు. కొందరు వందనం చేశారు, కొందరు వ్యాజ్యాలు విన్నవించుకున్నారు. తరువాత అందరూ అతన్ని ప్రభువు అనే అర్థమున్న సిరియా మాటతో సంబోధిస్తూ కేకలు వేశారు.

రెండు కథనాలకూ పోలిక స్పష్టం. కానీ తేడా మరింత ముఖ్యం. అలెగ్జాండ్రియాలో ఎగతాళి గురి అగ్రిప్ప. కరబాస్ పనిముట్టు మాత్రమే. అతను ఏమనుకున్నాడో ఎవరికీ పట్టలేదు, ఫైలోకు కూడా. తన జాతిని అవమానించిన తీరును ఖండించడానికి ఫైలో రాశాడు గాని, అతని కథనంలో ఆ దిక్కులేని మనిషి చాప కప్పుకొని నిలబడ్డచోటే మిగిలిపోయాడు. మార్కులో పనిముట్టూ గురీ ఒకటే మనిషి. కథ మొత్తం ఆ మనిషి వైపు నుండి చెప్పబడింది.

ఇక్కడ మన అలంకారశాస్త్రం ఉపకరిస్తుంది. నింద రూపంలో స్తుతి, స్తుతి రూపంలో నింద చేయడాన్ని ఆలంకారికులు వ్యాజస్తుతి అన్నారు. సైనికులు చేసింది రెండవ రకం: పైకి రాజుకు చేసే స్తుతి, లోపల నింద. అయితే ఆ మాటలను పాఠకునికి అందించే కథకుని దృష్టిలో ఆ స్తుతి యథార్థం. అంటే వక్త ఉద్దేశించిన వ్యంగ్యాన్ని కథకుడు మరొకసారి తలకిందులు చేశాడు. నింద కోసం వాడిన స్తుతి తిరిగి స్తుతిగానే నిలిచింది. సాధారణ వ్యాజస్తుతిలో వక్తకు తన మాట లోతు తెలుసు. ఇక్కడ తెలియకపోవడమే చమత్కారం. ఈ ద్విగుణ వ్యంగ్యం మార్కు మూడు ఘట్టాల్లోనూ నడుస్తుంది. తాను ఇతరులను రక్షించాడుగాని తనను తాను రక్షించుకోలేకపోయాడని యాజకులు దెప్పినప్పుడు, వారి వెటకారం ఆ సువార్త సిద్ధాంతాన్ని అక్షరాలా పలుకుతుంది. సిలువపై పెట్టిన నేరప్రకటన కూడా అంతే.

వీటన్నిటిలోకీ మొదటి ఘట్టంలోని అల్లిక గొప్పది. లోపల ముసుగు వేసి ప్రవచించమంటున్నారు. సరిగ్గా అదే సమయంలో, క్రింద ముంగిట్లో, పేతురు ఆయనను ఎరుగనని బొంకుతున్నాడు. కోడి కూయకముందే పేతురు అలా బొంకుతాడని యేసు ఆ రాత్రే చెప్పి ఉన్నాడు. ప్రవచనం లేదని వెక్కిరిస్తున్న గడియలోనే, గోడకు ఆవల, ఆ ప్రవచనం నెరవేరుతున్నది. మార్కు ఎక్కడా ఆగి ఈ సంగతిని వివరించడు. రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి ఊరుకుంటాడు.

ఈ కథనంలో మౌనానికి అర్థం ఇప్పుడు కొంత తేటపడుతుంది. నాటకంలో బలవంతంగా పాత్ర ఇవ్వబడినవాడు జవాబిస్తే పాత్రను స్వీకరించినట్లే. రాజును కానంటే అది అబద్ధం. అవునంటే సైనికులకు మరింత వినోదం. ఆ ఆటలో యేసు పలకడానికి సంభాషణ ఏదీ లేదు. అంతకుముందు మహాసభలో, సూటిగా అడిగిన ప్రశ్నకు ఆయన సూటిగానే జవాబిచ్చాడన్నది మరువరాదు. విచారణలో పలికినవాడు ఎగతాళిలో పలకలేదు. ఆయన మౌనం అందరిపట్లా అన్నివేళలా పాటించిన వ్రతం కాదు; ఒక ప్రత్యేకమైన ఆటలో చేరడానికి నిరాకరణ.

యోబు ఓర్పు

లేఖనాలు ఎగతాళిని అన్నిచోట్లా ఒకే విధంగా చూడలేదని కూడా ఒప్పుకోవాలి. కర్మెలు పర్వతం మీద బయలు ప్రవక్తలను ఏలీయా తానే వెక్కిరించాడు. రెండవ కీర్తనలో దేవుడే ఆకాశమందు ఆసీనుడై నవ్వుతాడు. ఆ కీర్తన గ్రీకు అనువాదంలో వాడినది ఇందాకటి ‘ముక్కు విరుచు’ క్రియే. బోడివాడా అని గేలిచేసిన కుర్రవాళ్ళను ఎలీషా శపించగా రెండు ఎలుగుబంట్లు వచ్చి నలభై ఇద్దరిని చీల్చివేశాయని రాజుల రెండవ గ్రంథం చెబుతుంది. ఈ కథను సమర్థించడానికి వ్యాఖ్యాతలు పడిన అవస్థ చూస్తే జాలి కలుగుతుంది. సమర్థించనవసరం లేదు. అపహాస్యం పట్ల సహనం లేఖన సంప్రదాయంలో సహజంగా ఉన్న గుణం కాదనీ, సంఘర్షణతో సాధించుకొన్న దృష్టి అనీ ఈ కథ గుర్తు చేస్తుంది.

ఆ సంఘర్షణకు కేంద్రం యోబు. యాకోబు పత్రిక అయిదవ అధ్యాయంలో పక్కపక్కన రెండు వచనాల్లో రెండు వేర్వేరు గ్రీకు పదాలున్నాయి. ప్రవక్తలకు చెప్పినది ‘మక్రొథూమియా’: తొందరగా కోపం తెచ్చుకోని దీర్ఘశాంతం. యోబుకు చెప్పినది ‘హూపొమొనే’: కింద నిలిచి ఉండడం, బరువు పడినా ఉన్నచోటు వదలకపోవడం. తెలుగులో మొదటిది ఓపిక, రెండవది సహనము అయ్యాయి. సామాన్య పాఠకునికి ఈ రెండూ పర్యాయపదాలే.

కానీ యోబు గ్రంథంలో యోబు చేసినదేమిటి? మొదటి రెండు అధ్యాయాల్లో ఆయన వినయంగా మాట్లాడతాడు. మూడవ అధ్యాయంలో నోరు తెరిచి తాను పుట్టిన దినాన్ని శపిస్తాడు. అక్కడినుండి ముప్పై ఒకటవ అధ్యాయం చివరిదాకా స్నేహితులతో వాదిస్తాడు, దేవుణ్ణి నిలదీస్తాడు, తనపై అభియోగపత్రం ఏదైనా ఉంటే చూపమని సవాలు చేస్తాడు. ముప్పయ్యవ అధ్యాయంలో తనకన్న చిన్నవాళ్ళు, ఒకప్పుడు తన మందకాపరి కుక్కలతో ఉంచడానికి కూడా తగరని తాను భావించిన వారి పిల్లలు, తనను చూసి నవ్వుతున్నారని ఆక్రోశిస్తాడు. (ఆ పోలికలో యోబుకున్న సంపన్నుని అహంకారం కూడా తొంగిచూస్తుంది. అవమానం పొందినవాడు అన్ని విధాలా నిర్దోషి కానక్కరలేదన్న వాస్తవాన్ని ఆ కవి దాచలేదు.) ఇంత మాట్లాడినవానిని యాకోబు పత్రికాకర్త హూపొమొనేకు ఉదాహరణగా ఎత్తిచూపాడు. యోబు కథ ఆయనకు తెలియదనలేం. కనుక ఆయన దృష్టిలో ఆ పదానికి మౌనం అని అర్థం అయి ఉండదు. స్నేహితులు నీవు పాపివి గనుకనే ఈ బాధ అన్నారు. యోబు ఆ తీర్పును ఒప్పుకోలేదు. ఒప్పుకొని ఉంటే గొడవ ముగిసేది, బహుశా ఓదార్పు కూడా దొరికేది. బూడిదలో కూర్చుండి ఒప్పుకోకపోవడమే ఆయన హూపొమొనే.

మన ‘ఓర్పు’కు ఈ ఛాయ తక్కువ. భూదేవి అంత ఓర్పు అంటాం. ఆ పోలికలో తొక్కబడడం సహజధర్మంగా, ఎదురు చెప్పకపోవడం గొప్పతనంగా ధ్వనిస్తాయి. ఆ ఉపమానాన్ని ఎక్కువగా ఎవరికి వాడతామో కూడా తెలిసినదే: ఇంటి కోడలికి. యోబు కథ చదివిన తెలుగు పాఠకుడు ఆయన సహనాన్ని ఈ భూదేవి మూసలో పోసుకోవడంలో వింత లేదు. ‘నిలకడ’, ‘పట్టు’ వంటి మాటలు మూలానికి మరింత చేరువగా ఉంటాయని నా అభిప్రాయం.

దాసునికి ఇచ్చిన ఒరవడి

పేతురు మొదటి పత్రిక రెండవ అధ్యాయం 18వ వచనం నుండి చివరివరకు ఉన్న భాగం ఈ చర్చలో అత్యంత క్లిష్టమైనది. ఆ మాటలు ఎవరిని ఉద్దేశించినవో ముందుగా చూడాలి. గ్రీకులో ‘ఒయికెతాయ్’ అని ఉన్నది. ఇంట్లో ఊడిగం చేసే బానిసలని అర్థం. తెలుగులో వీరు ‘పనివారు’ అయ్యారు. ఈ చిన్న మార్పు పరిణామం చిన్నది కాదు. బానిసకు యజమానిని వదలిపోయే హక్కు లేదు. పనివానికి, కనీసం సిద్ధాంతరీత్యా, ఉన్నది. వదలిపోలేని స్థితిలో ఉన్నవానితో చెప్పిన మాట, కూలికి పనిచేసేవానికి, పాలేరుకు, జీతగానికి శాశ్వత నియమంగా అన్వయించే వీలు అనువాదంలోనే ఏర్పడింది. క్రూరుడైన యజమానికి సైతం లోబడమన్న ఆదేశాన్ని పొలంలో పనిచేసే పాలేరు ఆదివారంనాడు విన్నప్పుడు అది అతని చెవికి ఎలా సోకి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

అయితే ఈ భాగంలో మూడు విషయాలు గమనార్హం.

యజమాని చేసే హింసను పత్రికాకర్త ‘అదికోస్’ అంటాడు, అంటే అన్యాయంగా జరిగేది. బానిసను కొట్టడం యజమాని హక్కుగా చెల్లుతున్న సమాజంలో ఆ దెబ్బను అన్యాయం అని పేరుపెట్టి పిలవడం చిన్న విషయం కాదు. సహించమన్న నోటితోనే తీర్పు కూడా వెలువడింది.

రెండవది ‘హూపొగ్రమ్మోస్’ అన్న పదం. కొత్త నిబంధన మొత్తంలో ఇక్కడ ఒక్కచోటే కనిపిస్తుంది. అక్షరాలు నేర్చుకొనే పిల్లవాడు చూసి దిద్దడానికి గురువు రాసి ఇచ్చే వరుస అని దాని అర్థం. తెలుగు అనువాదంలోని ‘మాదిరి’ తప్పు కాదు గాని, మనకు సరిగ్గా ఈ పనికే పుట్టిన మాట ఒకటున్నది: ఒరవడి. ఓనమాలు దిద్దిన అనుభవం ఉన్న ఏ తెలుగువానికైనా ఈ పోలిక తక్షణం అందుతుంది. చదువుకు దూరంగా ఉంచబడ్డవారు ఎక్కువగా ఉండే ఒక వర్గానికి బడిపిల్లవాని పలకనుండి తీసిన ఉపమానం చెప్పడం విశేషం. ఆ ఒరవడిలో క్రీస్తు స్థానానికి ఎదురుగా ఉన్నది యజమాని కాదు, దాసుడు. అపహాస్యం పొంది, దాసులకు విధించే సిలువదండనతో చంపబడినవాని అక్షరాన్ని దిద్దే అర్హత దాసునికే ఉన్నదన్నట్లుగా ఈ వాక్యం నడుస్తుంది.

మూడవది 23వ వచనంలోని క్రియ. తనను తిట్టినప్పుడు యేసు తిరిగి తిట్టలేదనీ, న్యాయంగా తీర్పు తీర్చేవానికి అప్పగించాడనీ అక్కడి భావం. గ్రీకులో ‘అప్పగించాడు’ అన్న క్రియకు కర్మ లేదు. ఏమి అప్పగించాడు? తెలుగు అనువాదకులు ‘తన్ను తాను’ అని పూరించారు. దానివల్ల వాక్యం ఆత్మసమర్పణగా, భక్తిగా పరిణమించింది. తన వ్యాజ్యాన్ని అప్పగించాడని పూరిస్తే అదే వాక్యం ఫిర్యాదు అవుతుంది. న్యాయాధిపతి ప్రస్తావన వెంటనే ఉన్నందువల్ల ఈ రెండవ పూరణే సందర్భానికి ఎక్కువ అనుగుణమని నాకు తోస్తున్నది. పైగా యూదా యేసును పట్టించిన సందర్భంలోనూ, పిలాతు సైనికులకు అప్పగించిన సందర్భంలోనూ సువార్తలు వాడిన క్రియ ఇదే. మనుషులు ఆయనను ఒకరినుండి ఒకరికి అప్పగించుకుంటూ పోగా, ఆయన తన పక్షాన జరపిన ఏకైక అప్పగింత ఇది. కింది న్యాయస్థానాల తీర్పు చెల్లదని పైకోర్టుకు పోయినవాడు ఓడిపోయినవాడు కాడు.

ఇంతమాత్రంచేత ఈ భాగంలోని చిక్కు తీరిపోయిందనలేను. ఎఫెసీయులకు, కొలొస్సయులకు వ్రాసిన పత్రికల్లో దాసులకు చెప్పిన తరువాత యజమానులకు కూడా ఒక మాట ఉన్నది. ఈ పత్రికలో లేదు. అమెరికాలో బానిస యజమానులు ఇటువంటి వాక్యాలను చూపి బానిసలను లొంగదీసుకున్నది చరిత్ర. నల్లజాతి స్త్రీల అనుభవం నుండి మాట్లాడిన డెలోరెస్ విలియమ్స్ 1993లో వెలువడిన ‘సిస్టర్స్ ఇన్ ద విల్డర్నెస్’ అన్న గ్రంథంలో, ఒకరి బాధ మరొకరికి రక్షణ అన్న భావననే ప్రశ్నించింది. ఇతరుల కోసం బాధపడడం తమకు తరతరాలుగా విధింపబడ్డ పని అయినప్పుడు, దాన్ని పవిత్రం చేసే సిద్ధాంతం తమకు విడుదల ఎలా అవుతుందన్నది ఆమె అభ్యంతర సారాంశం. జేమ్స్ కోన్ 2011లో ప్రచురించిన ‘ద క్రాస్ అండ్ ద లించింగ్ ట్రీ’లో అదే సిలువను చెట్టుకు వేలాడదీయబడ్డ నల్లవాని శరీరం పక్కన పెట్టి, హింసితులతో దేవుని ఐక్యానికి గుర్తుగా చదివాడు. ఇద్దరిలో నాకు కోన్ పఠనం మార్కు కథనానికి దగ్గరగా కనిపిస్తుంది. కానీ పేతురు పత్రిక విషయంలో విలియమ్స్ అభ్యంతరాన్ని తోసిపుచ్చడానికి వీలు లేదు. ఆ భాగం క్రీస్తు గాయం స్వస్థత ఇచ్చిందంటుంది, వెంటనే గాయపడే స్థితిలో ఉన్నవానిని అక్కడే ఉండమంటుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని పత్రిక పూడ్చలేదు.

చెంపదెబ్బ, ఎదురుప్రశ్న

కొండమీది ప్రసంగంలో కుడిచెంప మీద కొట్టినవానికి ఎడమచెంప చూపమన్న మాట మౌనసహనానికి పతాకగా చెలామణి అవుతున్నది. మత్తయి ‘కుడి’ అని ప్రత్యేకించడం గమనించాలి. కుడిచేతివాటం మనిషి ఎదుటివాని కుడిచెంపను కొట్టాలంటే చేతివెనుక భాగంతో కొట్టాలి. సుమారు క్రీ.శ. 200 నాటికి సంకలితమైన యూదుల ధర్మసంహిత మిష్నాలో చెంపదెబ్బకు 200 జూజులు, చేతివెనుకతో కొట్టిన దెబ్బకు 400 జూజులు పరిహారం. నొప్పి రెట్టింపు కాదు, అవమానం రెట్టింపు. అంటే ఇక్కడి ప్రస్తావన గాయం గురించి కాక పరువు గురించి. ఎడమచెంప చూపితే కొట్టేవాడు అరచేతితో, సాటిమనిషిని కొట్టినట్లు కొట్టవలసి వస్తుందని వాల్టర్ వింక్ వంటి వ్యాఖ్యాతలు చేసిన వివరణ ఆకర్షణీయమైనదే. కాని అది మూలంలో ఉన్నదానికన్నా కొంత ఎక్కువ చెబుతున్నది.

యేసు స్వయంగా చెంపదెబ్బ తిన్న సందర్భం యోహాను సువార్త 18వ అధ్యాయంలో ఉన్నది. ప్రధానయాజకునికి అలా జవాబిస్తావా అని ఒక బంట్రోతు కొట్టాడు. యేసు రెండవ చెంప చూపలేదు, మౌనంగానూ ఉండలేదు. తాను చెడుగా మాట్లాడి ఉంటే ఆ చెడుకు సాక్ష్యమివ్వమనీ, మంచి మాటే అయితే కొట్టడమెందుకనీ అడిగాడు. తిరిగి కొట్టలేదు, తిట్టలేదు. అయితే ఆ దెబ్బను విచారణకు నిలబెట్టాడు. బంట్రోతు జవాబేమీ నమోదు కాలేదు. యెషయా 50వ అధ్యాయంలోని సేవకుడు కూడా ఇటువంటివాడే. కొట్టేవారికి వీపును అప్పగించి, ఉమ్మికి ముఖాన్ని దాచుకోనివాడు, రెండు వచనాలు గడవకుండానే తనతో వ్యాజ్యమాడేవాడెవడో రమ్మని పిలుస్తాడు. 53వ అధ్యాయపు మౌనాన్ని కంఠస్థం చేసిన వ్యాఖ్యాన సంప్రదాయం 50వ అధ్యాయపు సవాలును అంతగా పట్టించుకోలేదు.

ఫిలిప్పీలో పౌలు చేసినది ఇంకా లౌకికమైనది. విచారణ లేకుండా బహిరంగంగా బెత్తాలతో కొట్టించి చెరలో వేయించిన అధికారులు మరునాడు రహస్యంగా వెళ్ళిపొమ్మని కబురు పంపారు. రోమీయుడైన తనను బహిరంగంగా అవమానించి చాటుగా పంపివేయడం కుదరదనీ, వారే స్వయంగా వచ్చి బయటకు తీసుకుపోవాలనీ పౌలు పట్టుబట్టాడు. వారు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. రాత్రి చెరసాలలో పౌలు, సీలలు పాటలు పాడిన సంగతిని చెప్పే ప్రసంగాల్లో తెల్లవారిన తరువాతి ఈ సంగతి అరుదుగా వినిపిస్తుంది.

విలాపం

ఎగతాళిని ఎదుర్కొనే లేఖనరూపాల్లో అత్యంత ప్రాచీనమైనది విలాపకీర్తన. ఇరవై రెండవ కీర్తనలో తనను చూసి తలలూపేవారిని గురించి చెప్పుకొనే కవి, అంతకంటే ముందు, నన్నెందుకు విడిచావని దేవుణ్ణే అడుగుతాడు. యిర్మీయా 20వ అధ్యాయంలో, దినమంతా నవ్వులపాలవుతున్నానని చెబుతూ, నీవే నన్ను వంచించావని దేవునిమీద నేరం మోపుతాడు. శత్రువు ఎగతాళి ఇక్కడ దేవుని ఎదుట దాఖలు చేసిన సాక్ష్యం.

ఈ రూపాన్ని తెలుగు పాఠకుడు వేరే దారిలో ఎరుగును. 1941లో వెలువడిన ‘గబ్బిలం’లో జాషువ, కాళిదాసు మేఘసందేశపు చట్రాన్ని తీసుకొని, గుడిలోకి రానివ్వని మనిషి గోడును గుడిలో వేలాడే గబ్బిలం ద్వారా కాశీలోని శివునికి పంపించాడు. అవమానించిన మనుషులతో వాదన కన్నా, ఆ మనుషులు పూజించే దేవునికి విన్నపం చేయడం ఆ కావ్యానికి ఆయువుపట్టు. ఆ కవికే 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కీర్తనల ప్రభావం గబ్బిలం మీద ఉన్నదని నిరూపించడం నా ఉద్దేశం కాదు. అయితే జాషువను గురించిన విమర్శలో క్రీస్తు చరిత్రను కరుణ, సహనాల కావ్యంగా ఒకవైపు, గబ్బిలాన్ని ధిక్కార కావ్యంగా మరొకవైపు విడదీసి చూసే అలవాటు ఉన్నచోట, లేఖనాల్లో ఈ రెండు గుణాలూ ఒకే కీర్తనలో ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయని గుర్తుంచుకోవడం అవసరం. ఈ రెండు కావ్యాలనూ కలిపి చదివే పని ఇంకా మిగిలి ఉన్నది.

మార్కు తన కథనాన్ని ముగించేచోట ఆ కీర్తన మొదటి మాటలనే యేసు నోట పలికించాడు. అవి అరామిక్‌లో ఉన్నాయి; మార్కు వాటిని గ్రీకులోకి అనువదించి పాఠకునికి అందించాడు. దగ్గర నిలిచినవారు ఆ మాటలను సరిగా వినక, ఏలీయాను పిలుస్తున్నాడనుకొని, ఏలీయా వచ్చి దించుతాడేమో చూద్దామంటారు. ఆ విధంగా ఫిర్యాదు కూడా ఎగతాళికి సరుకైపోతుంది. కీర్తన చివరిభాగంలోని విజయం కూడా యేసు మనసులో ఉన్నదని చెప్పి ఆ కేకలోని చేదును తగ్గించే వ్యాఖ్యానం ఒకటున్నది. మార్కు ఆ భాగాన్ని ఉదహరించలేదు. ఆయన ఉదహరించినది ప్రశ్నను మాత్రమే. ఆ తరువాత యేసు మరొకసారి గొప్ప కేక వేస్తాడు. దానిలో మాటలు లేవు, కనుక అనువాదమూ లేదు.

వెనువెంటనే శతాధిపతి, ఈ మనిషి నిజంగా దేవుని కుమారుడని అంటాడు. ఇది విశ్వాసప్రకటన అని సంప్రదాయం. చచ్చినవాని మీద సైనికుడు విసిరిన చివరి వెటకారంగా కూడా దీన్ని చదవవచ్చునని కొందరు పండితులు వాదించారు. మార్కు అతని కంఠస్వరాన్ని వర్ణించలేదు. ఊదారంగు వస్త్రం తొడిగిన సైనికులు రాజా అన్నప్పుడు ఏం జరిగిందో చూసిన పాఠకునికి, ఈ శతాధిపతి ఏ స్వరంతో పలికినా, ఆ మాట నిజం కావడానికి అడ్డేమీ ఉండదు.